ఎద్దు కంటె ఎత్తయిన చేప

సంగంపేట ఎగ్జిబిషనులో ఒక ఒంటె కౌన్సిలరుగారి శాలువా నమిలెయ్యకపోయి ఉంటే ఈ కథే లేదు. శాలువా పోయినందుకు ఊళ్ళో ఎవరూ బాధపడలేదు, కౌన్సిలరుగారు తప్ప. అది ఆ పూటే కప్పిన సన్మానం శాలువా. మెడ మీద ఇంకా వెచ్చబడనైనా లేదు పాపం. నెల తిరక్కుండా ఒక నియమం వచ్చిపడింది: "ప్రజలకు ప్రదర్శింపబడు జీవి ఎద్దు కంటె ఎత్తయినచో, సదరు జీవికి ముందస్తు అనుమతి పొందవలెను." ఒంటెను మనసులో పెట్టుకుని రాసిన వాక్యమని అందరికీ తెలుసు. కానీ వాక్యంలో ఒంటె లేదు. ముద్ర పడ్డాక వాక్యానికి ఒంటె ఎక్కడ గుర్తుంటుంది? దానికి ఎవరు దొరికితే వాళ్ళే ఒంటె.

ఈసారి దొరికినవాడు ఓలేటి పరబ్రహ్మం. వృత్తి బీమా ఏజెంటు, వ్యసనం సినిమా. సంగంపేట చలనచిత్ర మిత్రమండలికి కార్యదర్శి. ఆయన వీధిలోకి వస్తున్నాడంటే మగవాళ్ళు పెరటి గుమ్మం వెతుక్కునేవారు, ఆడవాళ్ళు "ఆయన ఊళ్ళో లేరండీ" అని అడక్కుండానే చెప్పేవారు. అలాంటి గడపల దగ్గర ఏళ్ళ తరబడి నిలబడి రాటుదేలిన మనిషి కాబట్టి, ఆఫీసుల చుట్టూ తిరగడం ఆయనకు కష్టం అనిపించేది కాదు. కనీసం అక్కడ నీడ ఉంటుంది అనేవాడు.

ఆయన పడిన ఈ పాట్లన్నీ రవూఫ్ సాహెబు కోసం. హసీనా టాకీసు సొంతదారు రవూఫ్. హాలు మూతపడి చాలాకాలమైంది. ఈ నెలాఖరుకి కొన్నవాళ్ళు వచ్చి పడగొట్టి అక్కడ కల్యాణ మండపం కడతారు. పడగొట్టే లోపల ఒకే ఒక్క ఆట వెయ్యాలని రవూఫ్ పట్టు. ఏదో ఒక ఆట కాదు. "పాతాళ మత్స్యం" వెయ్యాలి.

దాని వెనక ఓ బాధ ఉంది. రవూఫ్ తండ్రి ఖాదరు సాహెబు రోజుల్లో విదేశీ సినిమా వస్తే చాలు, ఆయన తెర పక్కన కుర్చీ వేసుకుని మైకులో తెలుగు చెప్పేవాడు. తెర మీద దొర నాలుగు ముక్కలంటే ఈయన నలభై అనేవాడు. జనం ఆ నలభై కోసమే వచ్చేవారు. అలా ఓసారి జపాను సినిమా వచ్చింది. కత్తులు, కోటలు, పాతకాలపు రాజ్యం. చెరువుకు అడ్డుకట్ట వేసి పల్లెల నోట మట్టికొట్టిన ఓ ప్రభువు. చెరువు అడుగున నిద్రపోయే మహా మత్స్యానికి మొరపెట్టుకునే జనం. ఆ చేప ఆఖరి రీలు దాకా లేవదు. అప్పట్లో ఒకే ప్రింటును రెండు ఊళ్ళ హాళ్ళు పంచుకునేవి. ఒక్కో రీలు డబ్బా పక్క ఊళ్ళో ఆడేశాక బస్సెక్కి ఇక్కడికి వచ్చేది. ఆ రోజు ఆఖరి డబ్బా బస్సు టాపు మీద నుంచి దిగలేదు. బస్సు ఎటుపోయిందో, డబ్బా ఎటుపోయిందో! తెర మీద చెరువు కుతకుత ఉడికింది, ఉడికి ఉడికి తెల్లబోయింది. జనం కుర్చీలు విరగ్గొట్టబోతుంటే ఖాదరు సాహెబు తానూ చూడని ముగింపును మైకులో చెప్పి, చివర్న మాటిచ్చాడు: "ఆఖరి రీలు ఈ హాల్లోనే చూపిస్తాను. నాదీ పూచీ."

చూపించకుండానే పోయాడు. సంగంపేటలో అప్పట్నుంచీ రాని రోడ్డయినా, తేలని పెళ్ళి సంబంధమైనా "ఖాదరు సాహెబు ఆఖరి రీలు" అయి కూర్చుంది. ఖాదరు ఎవరో తెలియని కుర్రకారు కూడా అనేస్తుంటారు. విన్నప్పుడల్లా రవూఫ్ నవ్వేవాడు. ఆ నవ్వు పరబ్రహ్మం చూడలేకపోయేవాడు.

అందుకే పట్టు వదలకుండా వెతికి, బొంబాయిలో పాత ఫిల్ముల వ్యాపారి దగ్గర, చేప గురించి అతను చెప్పిన కబుర్లతో సహా, ఆ సినిమా చిన్న ప్రింటు పట్టుకొచ్చాడు. మూడు రీళ్ళు. మూడో డబ్బాను రవూఫ్ కళ్ళకద్దుకున్నాడు.

"ఇక్కడే ఓసారి వేసుకుని చూసేద్దామా సాహెబుగారూ?" అన్నాడు పరబ్రహ్మం.

"వద్దు బ్రహ్మంగారూ. ఊరందరితో పాటే చూస్తాను. మాట ఇచ్చింది ఊరికి గదా."

మూతపడిన హాల్లో ఆట వెయ్యాలంటే ప్రదర్శనల ఏకగవాక్ష కేంద్రం అనుమతి కావాలి. ఏకగవాక్షం అంటే ఒకటే కిటికీ. ఆ మాట అబద్ధం కాదు, కిటికీ నిజంగా ఒకటే. దాని అవతల ఎన్ని బల్లలున్నాయో బయటివాళ్ళకు కనపడదు, అంతే. ఆ ఆఫీసులో ఒక ఆచారం ఉంది. కొర్రీ పడకుండా ఏ కాగితమూ పక్క బల్లకు పోకూడదు. కొర్రీ లేని కాగితం వచ్చిందంటే, ముందు బల్లాయన ఏం తిని వదిలేశాడోనని పక్క బల్లాయనకు అనుమానం. అంచేత ఎంత నిజాయితీపరుడైతే అన్ని కొర్రీలు. సూపరింటెండెంటు గుమ్మలూరి యజ్ఞనారాయణ మహా నిజాయితీపరుడు.

"సదరు చిత్రమునందు జీవులేమైనా కలవా?" అని అడిగాడాయన కళ్ళద్దాల మీంచి.

"ఒక్కటే ఉందండీ. చేప."

"చేప" అని రాసుకున్నాడు యజ్ఞనారాయణ. మొహంలో కొంత శాంతి కనిపించింది. "ఎత్తు?"

ఇదిగో, ఇక్కడ పరబ్రహ్మం పప్పులో కాలేశాడు. ఏదైనా సరే ఉన్నదాని కంటె ఓ జానెడు పెంచి చెప్పడం బీమా వాళ్ళకు వెన్నతో పెట్టిన విద్య. "అబ్బో! తాటిచెట్టంత ఉంటుందండీ! మీసాలే ఒక్కోటి మన కాలవ ఈ గట్టు నుంచి ఆ గట్టుకు!" అని చేతులు చాపి మరీ చూపించాడు.

యజ్ఞనారాయణ కలం ఆగింది. "ఎద్దు కంటె ఎత్తన్నమాట."

"అయ్యా, అది సినిమా అండీ."

"సినిమా ప్రదర్శన కాదా?"

"ప్రదర్శనేనండీ."

"చేప జీవి కాదా?"

"జీవే."

"తాటిచెట్టు ఎద్దు కంటె ఎత్తు కాదా?"

పరబ్రహ్మం కాసేపు ఆలోచించాడు. ఎటునుంచి చూసినా ఎత్తే. "ఎత్తేనండీ."

"మరి నేను అన్యాయంగా ఏమన్నాను? జీవి ఆరోగ్యముగ ఉన్నట్లు పశువైద్యుని ధ్రువీకరణ తీసుకురండి."

పశువైద్యుడు డాక్టర్ ప్రభుదాసు మెత్తని మనిషి. పరబ్రహ్మం వెళ్ళేసరికి ఓ గేదె పళ్ళు చూస్తున్నాడు. చేతులు కడుక్కుని వచ్చి, చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"చూడండి, చేప నీళ్ళలో ఉన్నంతసేపూ నాకు సంబంధం లేదు. మత్స్యశాఖ వారిది. గట్టెక్కితేనే నాది. గట్టెక్కుతుందా?"

"ఎక్కుతుందండీ. కోట కూడా ఎక్కుతుంది."

"అయితే నాదే." ప్రభుదాసు నిట్టూర్చాడు. "మేత ఏం తీసుకుంటుంది?"

ఈసారి పెంచి చెప్పకూడదని పరబ్రహ్మం గట్టిగా అనుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తే గొడవ వదులుతుంది కదా! "మేతా లేదు, ఏమీ లేదండీ. అది ఉట్టి రబ్బరు తొడుగు. లోపల మనిషి ఉండి ఆడిస్తుంటాడు."

ప్రభుదాసు మొహం పాలిపోయింది. "లోపల మనిషా? ప్రాణంతోనే?"

"ఆ... అప్పుడు ప్రాణంతోనేనండీ."

"ఎప్పట్నుంచి ఉన్నాడండీ లోపల?"

"ఆయన లోపలికి వెళ్ళి నలభై ఏళ్ళ పైమాటే" అన్నాడు పరబ్రహ్మం, నోరు జారాక నాలుక కరుచుకుంటూ.

డాక్టరు చాలాసేపు కిటికీలోంచి గేదె వైపు చూశాడు. తర్వాత తన అభిప్రాయం రాసి చేతిలో పెట్టాడు: "సదరు జీవి కడుపున ఒక వయోజన పురుషుడు దీర్ఘకాలముగ ఉన్నట్లు దరఖాస్తుదారుడే అంగీకరించెను. జీవికి అజీర్తి లక్షణములు ఉన్నట్లు దృష్టికి రాలేదు. ఇతరత్రా చెప్పజాలము."

"ఇదేవిటండీ డాక్టరుగారూ!"

"నన్ను అబద్ధం రాయమంటారా? మీరేగా చెప్పారు. నా వల్ల అయిన సాయం చేశాను, అజీర్తి లేదని రాశాను చూడండి."

ఆ కాగితం కిటికీలోకి వెళ్ళాక పడిన కొర్రీ ఏమిటో వేరే చెప్పాలా? లోపలి మనిషి పేరు, చిరునామా, ఇష్టపూర్వకముగ ఉన్నట్లు సంతకము.

"ఆయన జపానువాడండీ" అన్నాడు పరబ్రహ్మం కిటికీ ఊచలు పట్టుకుని. "ఈపాటికి పోయి కూడా ఉంటాడు."

"చేప కడుపులోనా?" అన్నాడు యజ్ఞనారాయణ. గొంతులో నిజమైన విచారం పలికింది.

ఇక లాభం లేదని పరబ్రహ్మం ఆ కేంద్రం ప్రత్యేకాధికారిణి హైమవతి దగ్గరికే వెళ్ళాడు. ఆవిడ కొత్తగా శిక్షణ ముగించుకొచ్చిన మనిషి, ఉత్సాహవంతురాలు. కుర్చీ చూపించి, మంచినీళ్ళు ఇప్పించి, మొత్తం విని, "మా కేంద్రం ధ్యేయమే ప్రజాహిత పారదర్శక సత్వర సేవ" అంది. "మీ సమస్యను మానవీయ కోణంలో చూస్తాను. జీవిని హాజరుపరచగలరా?"

"సినిమా వేసి చూపించగలనండీ."

"చాలా బాగుంది! ప్రత్యక్ష పరిశీలనా సంఘం వేస్తాను. నేను, సూపరింటెండెంటుగారు, డాక్టరుగారు. చూసి, అక్కడికక్కడే తేల్చేద్దాం."

పరబ్రహ్మం గాల్లో తేలిపోతూ వచ్చి రవూఫ్‌కి చెప్పాడు. రవూఫ్ హాల్లో ముందు వరస కుర్చీలు తుడిపించి, పరిశీలన రోజున సంఘానికి సమోసాలు తెప్పించి, "నేను ఊరితోనే చూస్తాను" అని బయట మెట్ల మీద కూర్చున్నాడు. పెద్ద ప్రొజెక్టరు ఎప్పుడో తుప్పు పట్టింది కాబట్టి, మిత్రమండలి వారి చిన్న ప్రొజెక్టరును నడవలో బల్ల మీద పెట్టారు. పరబ్రహ్మం దాన్ని నడిపిస్తూ, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలను తెలుగులో చెబుతూ వచ్చాడు.

సినిమా మొదలైంది. ఎండిన పొలాలు. నీళ్ళు వదలండి మహాప్రభో అని రైతులు అర్జీ పట్టుకుని కోటకు వచ్చారు. కోట గుమ్మంలో పేష్కారు ఒకాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. అర్జీ మీద ముద్ర తలకిందులుగా పడిందని వెనక్కి పంపాడు. ముద్ర సరిచేసుకుని వస్తే, పేర్లు వయసు వరసలో లేవని పంపాడు. వరస సరిచేసుకుని వచ్చేసరికి మొదటి పేరాయన చచ్చిపోయాడు. వారసుడి ముద్ర కావాలన్నాడు.

యజ్ఞనారాయణ చేతిలో సమోసా చేతిలోనే ఉండిపోయింది. "శభాష్!" అన్నాడు. "చూశారా మేడం ఎంత పద్ధతిగా ఉన్నాడో! పనిమంతుడండీ!"

"నియమనిష్ఠలు గల అధికారి" అని హైమవతి కూడా ఒప్పుకుంది.

రెండో రీలు చివరికొచ్చేసరికి ప్రభువు చెరువు గట్టున పల్లె పెద్దను కట్టేయించాడు. ఆ ముసలాయన కూతురు నీళ్ళలోకి వంగి, ఏడుస్తూ మొరపెట్టుకుంది. చెరువు కుతకుతమంది. సుళ్ళు తిరిగింది. నీళ్ళలోంచి ఓ మీసం కొస పైకి లేచింది. మూడో రీలు ఎక్కిద్దామని పరబ్రహ్మం చెయ్యి చాపాడు.

"ఆపండి!" అంది హైమవతి.

దీపాలు వేశారు.

"ఇప్పుడు జీవి కనబడబోతోందా?"

"అవునండీ. అది చూడ్డానికే కదండీ తమరు వచ్చింది."

"అనుమతి లేని జీవిని ప్రజలకు ప్రదర్శించరాదు పరబ్రహ్మంగారూ. మేం మాత్రం ప్రజలం కామా? మాకు చూపిస్తే మీరు నేరం చేసినట్టు. మీ మీద చర్య తీసుకోవాల్సి వస్తుంది. మీ మంచికే ఆపాను."

"మరి చూడకపోతే అనుమతి ఎలా ఇస్తారండీ?"

"అదే కదండీ మా బాధ!" అంది ఆవిడ. నిజంగానే బాధపడింది.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. జీవి ప్రవేశించునంత వరకు ప్రదర్శనకు అనుమతించడమైనది. నీటిపై కనబడిన మీసపు కొస ఎద్దు కంటె పొట్టిగానే ఉన్నందున అభ్యంతరము లేదు.

ఉత్తర్వు చదివి వినిపిస్తుంటే రవూఫ్ మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాడు. "మళ్ళీ అక్కడే ఆగింది బ్రహ్మంగారూ. సరిగ్గా అక్కడే. అప్పుడు బస్సు ఎత్తుకుపోయింది, ఇప్పుడు వీళ్ళు. హాలు పోతే పోయింది, ఏదో ఒక రోజు పోయేదే. మా నాన్న మాట తప్పినవాడని ఊరి నోట్లో ఉండిపోతాడే, అది తట్టుకోలేకపోతున్నానండీ." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. పరబ్రహ్మానికి ఏడుపొచ్చింది. ఆ తాటిచెట్టు మాట అనకపోయి ఉంటే ఎంత బాగుండేదని తన నోటిని తనే తిట్టుకున్నాడు.

ఆట ముందురోజు సాయంత్రం ఓ వింత జరిగింది. యజ్ఞనారాయణ పరబ్రహ్మం ఇంటికి వచ్చి, "పాలసీ ఒకటి తీసుకుందామనుకుంటున్నానండీ" అన్నాడు. పరబ్రహ్మం భార్య కామేశ్వరి చేతిలో గ్లాసు జారిపడింది. తనంతట తాను గడప తొక్కి పాలసీ అడిగిన మనిషిని ఆ ఇల్లు ఎన్నడూ చూడలేదు.

కాఫీ తాగుతున్నంతసేపూ యజ్ఞనారాయణ పాలసీ ఊసే ఎత్తలేదు. చివరికి గ్లాసు కింద పెట్టి, "ఆ పేష్కారు ఏమవుతాడండీ?" అన్నాడు.

"తెలీదండీ. ఆఖరి రీల్లో ఉంటుంది."

"రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. మీరే చెప్పండి, ఆయన చేసిన తప్పేవిటి? ముద్ర తలకిందులైతే వెనక్కి పంపడా? ఆ చేప వచ్చి..." అని ఆగిపోయాడు. పైకండువా సరిచేసుకున్నాడు. లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, ఎటో చూస్తూ, "నియమంలో 'ప్రదర్శింపబడు జీవి' ఎత్తు అని ఉన్నది. జీవి సహజమైన ఎత్తు అని లేదు. ప్రదర్శనలో ఎంత ఎత్తుంటే అంతే ఎత్తు. నేనేమీ అనలేదు" అన్నాడు.

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. పాలసీ సంగతి ఇద్దరూ మర్చిపోయారు.

ఆదివారం మ్యాట్నీకి హసీనా టాకీసు కిక్కిరిసిపోయింది. కుర్రాళ్ళు వెక్కిరించడానికి వచ్చారు, ముసలివాళ్ళు మిగిలింది చూడ్డానికి వచ్చారు. ఆ రోజుల్లో ఇంటర్వెల్లో వేరుశెనక్కాయలు అమ్మి, ఇప్పటికీ హాలు బయట బండి పెట్టుకుని అవే అమ్ముతున్న సింహాద్రమ్మ ముందు వరసలో చాప వేసుకు కూర్చుంది. సంఘం ముగ్గురూ ఓ పక్కన కూర్చున్నారు. మొదటి రెండు రీళ్ళూ పెద్ద తెర మీద దర్జాగా నడిచాయి. మీసం కొస లేచింది. దీపాలు వెలిగాయి. "వచ్చిందిరోయ్ ఖాదరు సాహెబు ఆఖరి రీలు!" అని వెనకనుంచి ఎవడో అరిచాడు. హాలంతా గొల్లుమంది.

అప్పుడు పక్క తలుపులోంచి ఎద్దు వచ్చింది. సింహాద్రమ్మ అల్లుడి బండి ఎద్దు అది. మల్లన్న దాని పేరు. కొమ్ములకు ఎర్రరంగు వేసుంది. ఎద్దు ఎద్దు కంటె ఎత్తు కాదు కనుక ఎద్దుకు అనుమతి అక్కర్లేదని యజ్ఞనారాయణ ముందే తేల్చి ఉంచాడు. దాన్ని తెర ముందు నిలబెట్టి, దాని పక్కన రెండు కర్రల మధ్య పరబ్రహ్మం తెల్ల పంచె ఒకటి బిగించి కట్టారు.

"ఎత్తు కొమ్ముల వరకా, మూపురం వరకా?" అని హైమవతి అడిగింది.

"మూపురం వరకండీ. కొమ్ములు అలంకారం కిందికి వస్తాయి" అన్నాడు ప్రభుదాసు.

ప్రొజెక్టరు బల్లను పంచె దగ్గరికి జరిపారు. జరిపేకొద్దీ బొమ్మ చిన్నదైంది. యజ్ఞనారాయణ టేపు పట్టుకుని మూపురం కొలిచాడు, బొమ్మ కొలిచాడు, మళ్ళీ మూపురం కొలిచాడు. "ఇంకొంచెం ముందుకు. ఆ, చాలు. జీవి ఎద్దు కంటె నాలుగు వేళ్ళు పొట్టి. కానివ్వండి!"

పంచె మీద ఆఖరి రీలు మొదలైంది. ఆ బొమ్మలో కోట ధాన్యం గాదె అంత ఉంది. మనుషులు చీమలు.

"కనపడ్డం లేదండీ!" అని బాల్కనీ అరిచింది.

"ఏవిటది, బల్లా?"

"మా డబ్బులు మాకిచ్చెయ్యండి!" టిక్కెట్టే లేని ఆటకు.

కుర్చీలు కిర్రుమన్నాయి. పంచె పక్కన నిలబడ్డ రవూఫ్ ఆ చిన్న బొమ్మ వైపు చూశాడు, జనం వైపు చూశాడు. ఆయన ఏనాడూ నలుగురిలో గొంతెత్తిన మనిషి కాదు. తండ్రి నలభై మాటలనే చోట ఈయనకు నాలుగు రావడమే గగనం.

"చెరువు... చెరువు పగిలింది" అన్నాడు.

హాలు కొంచెం సద్దుమణిగింది.

"చెరువు పగిలిందండీ! నడి మధ్య నుంచి వాలుగ చేప లేచింది. ఎంత వాలుగ! వీపు మీద నాచు, నాచు మీద చెట్లు, చెట్ల మీద కొంగలు. కొంగలు లేచిపోయాయి. అది ఇంకా లేస్తానే ఉంది! మీసం విదిలించిందంటే అటు కొబ్బరితోట నేలమట్టం. ఇదిగో, గట్టెక్కుతోంది. ఒక కాలు వేసింది..."

సరిగ్గా అప్పుడు మల్లన్న పంచె వైపు తల తిప్పింది. తన మూపురం కంటె నాలుగు వేళ్ళు పొట్టిగా ఉన్న ఆ చేపను చూసి, బెదిరి, రెండడుగులు వెనక్కి వేసి, హాలు దద్దరిల్లేలా రంకె వేసింది. బాల్కనీలో ఆడవాళ్ళు కెవ్వుమన్నారు. ఆ తర్వాత ఎవరూ కనపడ్డం లేదని అనలేదు.

రవూఫ్ గొంతు విచ్చుకుంది. "ఏ ఊళ్ళోనైనా నీళ్ళకు అడ్డుకట్ట వేస్తావటరా అని కోటను అడుగుతోందండీ! కోటేం చెబుతుంది? వణుకుతోంది!" చేప తాటిచెట్టు దాటింది, కొండ దాటింది. ఈలలు మోగాయి. పరబ్రహ్మం ప్రొజెక్టరు దగ్గర నిలబడి, ఒక కన్ను పంచె మీద, ఒక కన్ను రవూఫ్ మీద వేసుకుని చూస్తున్నాడు. చేప కోట గుమ్మంలోకి వచ్చింది. అక్కడ బల్ల ముందు పేష్కారు ఇంకా కూర్చునే ఉన్నాడు. చేప తోక ఎత్తింది.

"పేష్కారు?" అన్నాడు యజ్ఞనారాయణ. లేచి నిలబడ్డాడు. "పేష్కారు ఏమయ్యాడండీ?"

ఆయనకు పంచె మీద ఏమీ ఆనలేదు. కళ్ళద్దాలు తడిసిపోయి ఉన్నాయి. బొమ్మకు దగ్గరగా ఉన్నది ఇద్దరే, పరబ్రహ్మం, రవూఫ్. తోక పేష్కారు నెత్తిన పడింది. బల్లతో సహా. అందులో సందేహం ఏమీ లేదు.

రవూఫ్ ఒక్క క్షణం ఆగాడు. యజ్ఞనారాయణ మొహంలోకి చూశాడు.

"పేష్కారు లేచి నిలబడ్డాడండీ" అన్నాడు. "ఇన్నాళ్ళూ వెనక్కి పంపిన అర్జీలన్నీ బల్ల కింది నుంచి తీశాడు. ఒక్కటీ పారెయ్యలేదు, అన్నీ దాచి ఉంచాడు. వాటిని రెండు చేతులా ఎత్తిపట్టుకుని, చేపకు దణ్ణం పెట్టి, కోట గుమ్మం తనే తీశాడు. రా తల్లీ, ముద్రలన్నీ సరిగ్గానే ఉన్నాయి అన్నాడు!"

హాలు పైకప్పు లేచిపోయేట్టు చప్పట్లు. యజ్ఞనారాయణ కూర్చుని, కండువాతో మొహం కప్పుకున్నాడు. పరబ్రహ్మం నోరు మెదపలేదు. అంత పెద్ద విషయాన్ని పెంచకుండా, తగ్గించకుండా, అసలు చెప్పకుండా ఊరుకోవడం జీవితంలో ఆయనకు అదే మొదటిసారి.

నీళ్ళు పొలాల్లోకి పారాయి. చేప మళ్ళీ చెరువులోకి దిగి పడుకుంది. పంచె తెల్లబోయింది. రవూఫ్ కర్ర పట్టుకుని నిలబడి, "మా నాన్న మాట ప్రకారం... ఆలస్యమైనందుకు మన్నించండి" అన్నాడు.

ముందు వరసలో సింహాద్రమ్మ మోకాళ్ళు పట్టుకుని లేచింది. "ఆలీసం ఏటి బాబూ? ఆ రోజు మీ నాయన కూడా ఇదే సెప్పేడు. కొంగలు, కొబ్బరితోట, గుమ్మం తీసిన పేష్కారు, అన్నీని. నీకు గేపకం ఉండి సెప్పేవో, మీ నాయనే వచ్చి సెప్పేడో గాని. ఆకరి రీలు రాలేదని ఎవడన్నాడు? నేనా రోజే సూసేను."

రవూఫ్ ఆమె చేతులు రెండూ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు. "రాలేదంటారేటో ఈళ్ళంతాను" అని సింహాద్రమ్మ చుట్టూ ఉన్న వాళ్ళని కేకలేసింది. కుర్రాళ్ళెవరూ నవ్వలేదు.

హాలును ఆ వారమే పడగొట్టారు. హైమవతి కర్తవ్యం మరిచే మనిషి కాదు. ప్రదర్శనలో నోటి మాట ద్వారా తాటిచెట్టును మించిన జీవి ప్రజల్లోకి ప్రవేశించినట్టు గమనించింది. నోటితో చెప్పు జీవులకు కూడా ఎద్దు నియమం వర్తించేలా సవరణ తయారుచెయ్యమని యజ్ఞనారాయణను ఆదేశించింది. యజ్ఞనారాయణ శ్రద్ధగా ముసాయిదా రాసి, కింద తనే ఓ కొర్రీ వేశాడు: నోటితో చెప్పు జీవి ఎత్తును చెప్పువాని నోటి వద్ద కొలవవలెనా, వినువాని చెవి వద్ద కొలవవలెనా, స్పష్టీకరించవలెను. ఆ ఫైలు ఇప్పుడు బల్ల బల్లా తిరుగుతోంది. దాని మీద ఇంకో నాలుగు కొర్రీలు పడ్డాయని, అన్నీ న్యాయమైనవేనని ఆయన పరబ్రహ్మానికి స్వయంగా చెప్పాడు.

సాయంత్రాలు రవూఫ్ సింహాద్రమ్మ వేరుశెనక్కాయల బండి దగ్గర కూర్చుంటాడు. అడిగినవాళ్ళకు ఆఖరి రీలు చెబుతుంటాడు. యజ్ఞనారాయణ ఆఫీసు నుంచి వస్తూ అక్కడ ఆగి, పొట్లం కట్టించుకుని, పేష్కారు గుమ్మం తీసేదాకా విని ఇంటికి పోతాడు. మొన్న చెప్పినప్పుడు చేప తల బండి దగ్గర ఉంటే, తోక కాలవ అవతలి గట్టు మీద ఉందట.